పావలా ఎప్పుడు చెల్లకుండా పోయింది?

కర్నూలు పాతబస్తీలో మా నాయన కిరాణా అంగడి నడిపేవాడు. అక్కడొక టేకు గల్లాపెట్టె ఉండేది. మూత తీస్తే ముందు వరసలో ఆరు గుంతలు. చెక్కను గిన్నెలా తొలిచి చేసినవి, ఏళ్ళ తరబడి వేళ్ళు తగిలి నున్నబడినవి. ఎడమ నుంచి మొదటి గుంతలో ఐదు పైసలు, తర్వాత పది, ఇరవై, పావలా, అర్ధరూపాయి, చివర రూపాయి బిళ్ళలు. బడి నుంచి వచ్చి గల్లా దగ్గర కూర్చుంటే చూడకుండానే నా చేయి సరైన గుంతలోకి పోయేది.

ఇప్పుడా పెట్టె మా తమ్ముడి అంగడిలో ఉంది. మొన్నమొన్నటిదాకా మొదటి గుంతలో రబ్బరు బ్యాండ్లు, రెండోదాంట్లో పిన్నీసులు, మూడోదాంట్లో చాక్లెట్లు ఉండేవి. పావలా ఉండే చోట రూపాయి, అర్ధరూపాయి చోట రెండ్రూపాయలు, రూపాయి చోట ఐదు రూపాయల బిళ్ళలు. కుడి వైపు నుంచి కొత్త బిళ్ళ వచ్చిన ప్రతిసారీ పాతవి ఒక్కో గుంత ఎడమకు జరిగి, చివరికి పెట్టెలోంచే పోయాయి.

పావలా ఎప్పుడు పోయిందని అడిగితే చట్టం దగ్గర తేదీ ఉంది. 2011 జూన్ 30. ఆ రోజు నుంచి 25 పైసలు, అంతకంటే తక్కువ విలువ ఉన్న నాణేలన్నీ చెల్లవని కేంద్ర ప్రభుత్వం ముందుగానే ప్రకటించింది. జూన్ 29 సాయంత్రం దాకా బ్యాంకుల్లో మార్చుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంటే చదరంగా ఉండే అల్యూమినియం ఒక పైసా, ఆరు పలకల మూడు పైసలు కూడా 2011 దాకా చట్టం దృష్టిలో డబ్బే. ఆ ఏడు మూడు పైసల బిళ్ళ తీసుకుని ఎవరైనా అంగడికి వచ్చారా? మా అంగడిలో అయితే ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు పావలా కూడా అంతకు చాలా ముందే మాయమైంది. ఏ సంవత్సరం అని నాయనను అడిగితే చెప్పలేకపోయాడు. "ఎవురూ ఇయ్యడం మానుకున్యారు, నేనూ అడగడం మానుకున్యా" అన్నాడు.

నాయన అన్న ఆ ఒక్క మాటలోనే అసలు సంగతంతా ఉంది. నాణెం ముందు బజారులో ఆగిపోతుంది. ఆగిపోయిందని ప్రభుత్వం కాగితం మీద రాసేది ఎంతో కాలం తర్వాత. మనం "చెల్లుతుంది" అనే ఒకే మాటను రెండు సంగతులకు వాడతాం కాబట్టి ఇది తికమకగా కనిపిస్తుంది. చట్టంలో చెల్లడం వేరు, బజారులో చెల్లడం వేరు. అర్ధరూపాయినే చూడండి. చట్టప్రకారం ఇవాళ్టికీ చెల్లుతుంది. 2011 నాణేల చట్టం ప్రకారం అర్ధరూపాయి బిళ్ళలతో పది రూపాయల వరకు, రూపాయి ఆ పై బిళ్ళలతో వెయ్యి రూపాయల వరకు బాకీ తీర్చవచ్చు. కానీ రాజ్‌విహార్ సెంటర్‌లో టీ తాగి రెండు అర్ధరూపాయలు ఇచ్చి చూడండి. టీ బంకు ఆయన కోప్పడడు, నవ్వి వెనక్కి ఇచ్చేస్తాడు.

నాణెం బతకాలంటే దానికి ఒక పని ఉండాలి. ఏదో ఒక వస్తువు సరిగ్గా ఆ ధరకు దొరకాలి. మా అంగడిలో అర్ధరూపాయికి ఉన్న పెద్ద పని అగ్గిపెట్టె. 2007లో శివకాశి కంపెనీలు అగ్గిపెట్టె ధరను అర్ధరూపాయి నుంచి రూపాయికి పెంచాయి. అప్పటి నుంచి అర్ధరూపాయికి మా దగ్గర కొనడానికి ఏమీ మిగల్లేదు. ఆ తర్వాత 14 ఏళ్ళు అగ్గిపెట్టె రూపాయిని మోసింది. 2021 డిసెంబరు 1న అది రెండు రూపాయలైంది. రూపాయికి ఇంకా వేరే పనులుండేవి. బస్టాండులో కాయిన్ బాక్స్ ఫోన్ ఉండేది, సెల్‌ఫోన్లు వచ్చి అది పోయింది. 2011 నవంబరు నుంచి మన రాష్ట్రంలో రేషన్ బియ్యం కిలో రూపాయికే ఇచ్చారు. 2023 జనవరి నుంచి కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఇచ్చే బియ్యాన్ని ఉచితం చేసింది. పేద కుటుంబానికి అది మంచి మాటే. రూపాయి బిళ్ళకు మాత్రం రేషన్ షాపులో పని పోయింది. ఐదు రూపాయల బిళ్ళకు ఇప్పుడు ఒక గట్టి చిరునామా ఉంది, అన్న క్యాంటీన్. మధ్యాహ్నం అక్కడ వరసలో నిలబడినవాళ్ళ చేతుల్లో ఐదు రూపాయల బిళ్ళలు చూస్తుంటే, ఇంకా కొన్నేళ్ళు దీనికేం ఫరవాలేదనిపిస్తుంది.

ధరలు పెరిగితే చిన్న నాణెం పోతుందని అందరూ అంటారు. నిజమే, కానీ అది సగమే. ధర మెల్లగా పెరిగినా బజారులో అది గంతులేస్తూ పెరుగుతుంది. ఉగ్గాని బజ్జీ ప్లేటు 20 నుంచి 21 కాదు, తిన్నగా 25 అవుతుంది. ఎందుకంటే 21 అంటే ప్రతి గిరాకీకి తొమ్మిది రూపాయలో, నాలుగు రూపాయలో చిల్లర వెతకాలి. హోటలాయన ఆ తలనొప్పి పడడు. అలా ధరలన్నీ ఐదు ఐదుగా మారగానే రూపాయికీ రెండ్రూపాయలకీ పని తగ్గుతుంది. అవి దొరకడం తగ్గేసరికి మిగిలిన అంగళ్ళవాళ్ళూ ఐదుకు గుండుగుత్తగా ధర పెడతారు. కింది మెట్టు విరిగితే దాని పై మెట్టు మీద బరువు పడ్డట్టు, ఒక నాణెం పోవడమే దాని పై నాణేన్ని ఒక గుంత ఎడమకు తోస్తుంది.

మరి రూపాయికి విలువే లేదా? ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2024–25లో రోజుకు 300 రూపాయలు. ఎనిమిది గంటల పనిగా లెక్కేస్తే ఒక రూపాయి అంటే నిమిషంన్నరకు పైగా ఎండలో గడ్డపార పట్టడం. అర్ధరూపాయి అంటే 48 సెకన్లు. పల్లె నుంచి రోజూ బస్సులో కర్నూలుకు పనికి వచ్చే మనిషికి పోయేటప్పుడు రెండ్రూపాయలు, వచ్చేటప్పుడు రెండ్రూపాయలు చిల్లర రాలేదనుకుందాం. నెలకు 25 రోజులకు వంద రూపాయలు. ఒక రోజు కూలిలో మూడో వంతు. టికెట్ వెనకాల కండక్టర్ పెన్నుతో గీసిన "2" అనే అంకెను, దిగే తొందరలో ఎంతమంది మరిచిపోయి ఉంటారో. నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు, ఆ టికెట్లను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు.

ఇక నాణేలు ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కడికి పోతాయి అన్నది చూడాలి. రూపాయి నోటు తప్ప నోట్లన్నీ రిజర్వ్ బ్యాంకువి. నాణేలు మాత్రం కేంద్ర ప్రభుత్వానివి, రిజర్వ్ బ్యాంకు వాటిని పంచే ఏజెంటు మాత్రమే. ఏటా ఎన్ని కావాలో రిజర్వ్ బ్యాంకు అంచనా పంపితే ముంబై, కోల్‌కతా, హైదరాబాద్, నోయిడా టంకశాలల్లో కొడతారు. జేబులో ఉన్న బిళ్ళ తీసి సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే హైదరాబాద్‌ది, అంటే చర్లపల్లిలో కొట్టింది. చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఆకారం ఉంటే ముంబై, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. అక్కడి నుంచి రిజర్వ్ బ్యాంకుకు, బ్యాంకుల కరెన్సీ చెస్టులకు (నగదు నిల్వచేసే గదులకు), శాఖలకు, అంగళ్ళకు, చివరికి మన చేతికి. ఇంతవరకు దారి బాగానే ఉంది. మన చేతి నుంచి వెనక్కి వెళ్ళే దారే లేదు.

నోటు జేబులో ఉంటే మర్నాడు బయటికి వస్తుంది. నాణెం ఇంటికొచ్చాక డబ్బాలో పడుతుంది, అలమరలో పడుతుంది, పిల్లల కిడ్డీ బ్యాంకులో పడుతుంది. తుంగభద్ర బ్రిడ్జి మీద రైలు పోతుంటే కిటికీలోంచి నీళ్ళలోకి పడుతుంది. చదివింపుల కవరు మీద అంటించిన రూపాయి బిళ్ళ ఆ కవరుతో పాటే బీరువాలో ఉండిపోతుంది. హుండీలో పడితే అక్కడ నెలల తరబడి ఉంటుంది. శ్రావణ మాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే జనాన్ని చూసినవాళ్ళకు తెలుసు, దక్షిణగా, మొక్కుగా ఎంత చిల్లర అక్కడికి చేరుతుందో. మంత్రాలయం, శ్రీశైలం, కదిరి, దేవుని కడప, ఏ క్షేత్రమైనా హుండీ లెక్కింపు రోజు నాణేలు గుట్టలుగా పోసి ఏరాల్సిందే. భక్తుడిది తప్పని నేననను. హుండీలో వేసే చిల్లర మీద మా అవ్వకు ఉన్న నమ్మకం నాకూ ఇష్టమే. కానీ ఊళ్ళోని చిన్న నాణేలు కొద్దిచోట్ల మడుగు కట్టి నిలుస్తున్నాయన్నది నిజం.

అందుకే చిల్లరకు కరువూ వరదా ఒకేసారి వస్తాయి. కరువునూ 2009 అక్టోబరు వరదనూ చూసిన కర్నూలోళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అంగట్లో రూపాయి బిళ్ళ దొరకదు, బ్యాంకు గదిలో నాణేల సంచులు పేరుకుపోయి ఉంటాయి. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక జనం డబ్బాల్లో దాచిన చిల్లరంతా బయటికి వచ్చింది, కొత్తవీ విపరీతంగా కొట్టారు. 2018 జనవరి నాటికి టంకశాలల గిడ్డంగులు నిండిపోయి నాలుగింటిలోనూ కొన్నాళ్ళు కొట్టడం ఆపేశారు. అదే సమయంలో మా నాయన చిల్లర లేక ఎదురంగడికి పరుగెత్తేవాడు. నాణేలు తక్కువై వచ్చిన కష్టం కాదది, అవి తిరగక వచ్చిన కష్టం. నాణేలు జనంలోకి పంపినందుకు బ్యాంకులకు సంచికి 25 రూపాయలిచ్చే ప్రోత్సాహకాన్ని రిజర్వ్ బ్యాంకు 2021 సెప్టెంబరు నుంచి 65 రూపాయలు చేసింది. 2023లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే నాణేలిచ్చే యంత్రాలను 12 నగరాల్లో పెట్టి చూస్తామని ప్రకటించింది. రెండూ మంచి పనులే. రెండూ నాణేన్ని బయటికి పంపడానికే, వెనక్కి రప్పించడానికి కాదు.

కొన్నిసార్లు నాణెం మాయమయ్యేది దాని విలువ తగ్గి కాదు, అందులోని లోహం విలువ పెరిగి. మా అబ్బ (తాత) కాలంలో వెండి రూపాయికి అదే జరిగింది. తులం బరువు, అందులో నూటికి 91 పాళ్ళకు పైగా వెండి. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక జనం వాటిని దాచుకోవడం మొదలుపెట్టారు. 1940లో ప్రభుత్వం వెండిని సగానికి తగ్గించి, ఒక రూపాయి కాగితాన్ని కూడా మళ్ళీ తెచ్చింది. సగం వెండి రూపాయి, నిండు వెండి రూపాయి రెండూ ఒకే ధరకు చెల్లుతుంటే ఎవరైనా ఏది ఖర్చు పెడతారు? నాసిరకం డబ్బు మేలురకం డబ్బును బజారు నుంచి తరిమేస్తుందన్న గ్రెషామ్ సూత్రం ఇదే. మంచి రూపాయలు కాళ్ళ కడియాలై పోయాయి. యుద్ధకాలంలో రాగీ కరువైంది, 1943లో మధ్యలో పెద్ద బెజ్జంతో 'కానీ' అనే నాణెం (అణాలో నాలుగో వంతు) వచ్చింది. లోహం ఆదా చేయడానికి పెట్టిన బెజ్జం అది. మా ఇంట్లో అలాంటిది ఒకటి దారానికి గుచ్చి ఉండేది.

ఈ లోహం గొడవ పాతకాలంతో పోలేదు. చిన్న నాణేలను కరిగించడాన్ని, దాచిపెట్టడాన్ని నేరం చేస్తూ 1971లో ప్రత్యేకంగా ఒక చట్టం తేవాల్సి వచ్చింది. 1992లో వచ్చిన ఐదు రూపాయల బిళ్ళ గుర్తుందా? అంచు మధ్య గాడితో, చేతిలో పెడితే బరువుగా తగిలేది. తొమ్మిది గ్రాముల రాగి, నికెల్ మిశ్రమం. 2007లో నికెల్ ధర ఆకాశాన్నంటింది. ఆ రోజుల్లోనే మన నాణేలు సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో గడ్డం బ్లేళ్ళుగా మారుతున్నాయని వార్తలొచ్చాయి. ఆ ఏడే ప్రభుత్వం ఐదు రూపాయల బిళ్ళను తేలికైన స్టీలుకు మార్చింది. ఇక కొట్టడానికయ్యే ఖర్చు సంగతి. 2018లో సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబులో రూపాయి బిళ్ళకు రూపాయి 11 పైసలు, పది రూపాయల బిళ్ళకు ఐదు రూపాయల 54 పైసలు ఖర్చని వచ్చింది. రూపాయిని రూపాయికి పైగా పెట్టి కొట్టడం దండగని వెంటనే అనిపిస్తుంది. కానీ ఆ బిళ్ళ ఇరవై ఏళ్ళు చేతులు మారుతూ తిరిగితే అది చౌకే. డబ్బాలో పడి ఉంటేనే దండగ.

నాణెం ఎంత దూరం చెల్లుతుందనేది తీసుకునేవాణ్ణి బట్టి ఉంటుందని మన ప్రాంతానికి పాత అనుభవం. ఆదోనికి మొగలుల కాలంలో ఇంతియాజ్‌గఢ్ అని పేరుపెట్టి అక్కడ వరహాలు కొట్టారు. టిప్పు కాలంలో గుత్తి టంకశాల నాణేల మీద ఆ ఊరికి పెట్టిన ఫైజ్ హిసార్ అనే పేరు ఉంటుంది. అప్పట్లో ఊరు మారితే నాణెం మారేది, మార్చి ఇచ్చే షరాబులుండేవారు. కర్నూలు షరాఫ్ బజారు పేరులో ఆ వృత్తి ఇంకా ఉంది. "డబ్బు" అనే మాటే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. ఆ నాణెం పోయింది, పేరు మొత్తం సొమ్ముకే పేరైంది. ఇంకా దగ్గర సంగతి చెప్పాలంటే, తుంగభద్రకు ఇటు కర్నూల్లో ఇంగ్లీషువాళ్ళ రూపాయి, అటు అలంపురం వైపు నిజాం హాలీ సిక్కా. ఇక్కడి వందకు అక్కడ 116 చిల్లర. మన నూటపదహార్లు అక్కడి నుంచే వచ్చాయని పెద్దలు చెప్పేది ఈ లెక్కనే. హాలీ సిక్కా చట్టప్రకారం రద్దయింది 1959లో. అప్పటికి హైదరాబాద్ రాజ్యం పోయి పదేళ్ళు దాటింది.

1957 ఏప్రిల్ 1న మనకు నయాపైసలు వచ్చాయి. రూపాయికి 64 పైసలు పోయి 100 అయ్యాయి. అప్పుడు అణా అంటే ఆరుంబావు నయాపైసలు, బేడ అంటే పన్నెండున్నర. సరిపడే కొత్త బిళ్ళ దేనికీ లేదు. పావలా మాత్రం సరిగ్గా 25, అర్ధరూపాయి సరిగ్గా 50, ముప్పావలా 75. అణా, బేడ మాటలు మా తరం నోటికి రాకపోవడానికి, పావలా నిలబడడానికి కారణం ఈ లెక్క కుదరడమే అని నా నమ్మకం. బిళ్ళ పోయినా పావలా వడ్డీ లెక్కలో ఇప్పటికీ ఉంది. నూటికి నెలకు పావలా, ఏడాదికి మూడు రూపాయలు. పొదుపు సంఘాల్లో ఉన్న ఏ అక్కనడిగినా నోటి లెక్కగా చెప్పేస్తుంది. పెట్రోలు బంకులో పైసలు ఇంకా ధరల బోర్డు మీద ఉన్నాయి, ఫోన్‌లో చెల్లిస్తే 17 రూపాయల 50 పైసలు కచ్చితంగా పంపొచ్చు. లెక్కలో పైసా బతికే ఉంది, చేతిలోనే లేదు.

2016లో యూపీఐ వచ్చాక చేతిలో ఉండాల్సిన అవసరం ఇంకా తగ్గింది. బొరుగులమ్మే బండి మీద కూడా క్యూఆర్ స్టిక్కరు ఉంది. దాని వల్ల జరిగిన మేలు చిన్నది కాదు, చిల్లర లేదనే గొడవలు మా అంగడిలో సగానికి సగం తగ్గాయి. కానీ ఫోన్ ఉన్నవాళ్ళంతా అటు వెళ్ళిపోతే చిల్లర అవసరం మిగిలేది పింఛన్ తీసుకునే అవ్వలకూ, పిల్లలకూ, ఫోన్ రీఛార్జి అయిపోయిన కూలోళ్ళకూ. వాళ్ళ కోసమే గల్లాలో చిల్లర పెట్టుకోవాలంటే అంగడివాడికి ఆసక్తి తగ్గుతుంది. అక్కడే చాక్లెట్ వస్తుంది. మా అంగడిలోనూ ఇచ్చాం, ఒప్పుకుంటాను. రూపాయికి బదులు చాక్లెట్ ఇచ్చినప్పుడు దాన్ని మేం కొన్నది రూపాయికి కాదు, తక్కువకు. పైగా మర్నాడు ఆ పిల్లవాడు అదే చాక్లెట్ తెచ్చి ఇస్తే రూపాయి కింద తీసుకునేవాళ్ళం కాదు. తిరిగి తీసుకోనిదాన్ని చిల్లర అనకూడదు. నాయన ఈ మాట ఒప్పుకున్నాక మూడో గుంతలోని చాక్లెట్లు సీసాలోకి మారాయి.

ఇంతవరకు చెప్పినవి ముసలితనం వల్లో, లోహం వల్లో పోయిన నాణేల కథలు. పది రూపాయల బిళ్ళది వేరు. దానికి విలువ ఉంది, పని ఉంది, ఎన్నేళ్ళయినా చిరగదు. పది రూపాయల నోటు చూడండి, కొన్ని నెలలకే నూనె మరకలతో, టేపు అతుకులతో చేతికొస్తుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న ఆ నాణేన్ని మన జిల్లాల్లో చాలా ఏళ్ళు ముట్టుకోనేలేదు. 2010 జూలైలో మన రూపాయికి కొత్త గుర్తు వచ్చింది, 2011 నుంచి నాణేల మీద పడింది. అంతకు ముందు వచ్చిన పది రూపాయల బిళ్ళల మీద ఆ గుర్తు లేదు. కొన్నిటి మీద పది గీతలు, కొన్నిటి మీద పదిహేను. గుర్తు లేనిదీ పదిహేను గీతలదీ దొంగ బిళ్ళ అని పుకారు పుట్టింది. 2016 నవంబరులో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి రిజర్వ్ బ్యాంకు వివరణ ఇచ్చింది. అప్పటికి 14 రకాల డిజైన్లు వచ్చాయి, అన్నీ చెల్లుతాయి. 14440 నంబరుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు ఇదే చెప్పేది.

మా అంగడి ముందు మల్లెపూలమ్మే అవ్వ ఒకరోజు కొంగు ముడి విప్పి పది రూపాయల బిళ్ళలు బల్ల మీద పోసింది. నలభై ఉన్నాయి. "యాడా తీసుకోవడం ల్యా నాయనా. పూలు తీసుకుని ఇవే ఇచ్చి పోతారు. వద్దంటే పూలు ఈడ్నే పెట్టి పోతారు" అంది. అవి దొంగవి కావని ఆమెకు తెలుసు. ఏ బిళ్ళయినా వేళ్ళతో తడిమి చెప్పగలదు. పాత రెండ్రూపాయలకు పదకొండు మూలలుండేవని, ఇరవై రూపాయలకు పన్నెండు పలకలని, వెడల్పు మాత్రం పదీ ఇరవై ఒకటేనని నాకు ఆమే చూపింది. పండ్ల మండీ వాళ్ళకూ తెలుసు, మా నాయనకూ తెలుసు. తెలిసీ ఎవరూ తీసుకోలేదు. ఎందుకంటే ఎవరి భయమూ నాణెం గురించి కాదు. తర్వాతివాడు తీసుకుంటాడా లేదా అన్నదే.

ఈ చిక్కును సరిగ్గా అర్థం చేసుకోకపోతే దానికి మందు దొరకదు. నేను నమ్మితే చాలదు. నువ్వు నమ్ముతావని నేను నమ్మాలి. నువ్వు నమ్ముతున్నా, నేను నమ్మట్లేదేమోనని నువ్వు వెనక్కి తగ్గుతావు. అలా ఊరంతా నిజం తెలిసినవాళ్ళే అయినా ఊళ్ళో నాణెం నడవదు. అందుకే ఎన్ని ప్రకటనలిచ్చినా పుకారు కొన్నేళ్ళు బతికింది. ఆ నష్టం మాత్రం అందరికీ సమానంగా పడలేదు. "వద్దు" అనగల అంగడివాడు వద్దన్నాడు. వద్దంటే బేరం పోయే పూలవ్వ దగ్గర, రోజు చివర, ఆ బిళ్ళలన్నీ చేరాయి.

దీనికి విరుగుడు, ఎప్పుడు ఇచ్చినా కాదనకుండా తీసుకునే చోటు ఒకటి ఊళ్ళో ఉండటం. నిబంధనల ప్రకారం బ్యాంకే ఆ చోటు. చిల్లర నాణేలను ఏ శాఖా నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశం. రూపాయి, రెండ్రూపాయల బిళ్ళలనైతే తూకం వేసి కూడా తీసుకోవచ్చంది, వందేసి చొప్పున ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తెస్తే సులువంది. ఖాతాలో వేసుకునే నాణేలకు ఇంతే అన్న పరిమితీ లేదు. అవ్వ నలభై బిళ్ళలు తీసుకుని నేనే ఒక బ్యాంకు శాఖకు పోయాను. కౌంటర్‌లో ఆయన "లెక్కపెట్టే మనిషి లేడు, రేపు రండి" అన్నాడు. మర్నాడు మళ్ళీ పోయాను. మేనేజర్‌తో ఆ ఆదేశం సంగతి చెప్పాక ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. నలభై బిళ్ళలు లెక్కపెట్టడానికి పట్టింది ఆ ఐదు నిమిషాల్లో ఒకటి. పూల బుట్ట వదిలేసి అవ్వ రెండు పూటలు అలా తిరగగలదా? కెనడా 2013లో ఒక సెంటు నాణెం పంచడం ఆపినప్పుడు, నగదు బిల్లును దగ్గరి ఐదు సెంట్లకు ఎలా సర్దాలో పద్ధతి ముందే చెప్పింది. అటూ ఇటూ సమానంగా సర్దుతారు కాబట్టి భారం ఒక్క కొనేవాడి మీదే పడదు. మన దగ్గర సర్దుబాటు ఎప్పుడూ అంగడివైపే వాలుతుంది, అంగడివాడి కొడుకుగా ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఈ ఉగాది తర్వాత మా తమ్ముడు మొదటి గుంతలోంచి రబ్బరు బ్యాండ్లు తీసేసి పది రూపాయల బిళ్ళలు పోశాడు. క్యూఆర్ స్టిక్కరు పక్కన అట్టముక్క మీద "పది రూపాయల బిళ్ళలు తీసుకుంటాం, ఇస్తాం" అని రాసి పెట్టాడు. మొదటివారం తీసుకునేవే తప్ప ఇచ్చేవి లేవు. గుంత నిండి పొంగింది. ఒకాయన ముప్పై రూపాయల చిల్లర కింద మూడు బిళ్ళలు చూసి "ఇవి పోతాయా అన్నా?" అని అడిగాడు. "ఎవురూ తీసుకోకపోతే నాకే తెచ్చియ్యన్నా, ఎప్పుడైనా సరే" అన్నాడు తమ్ముడు. ఆయన జేబులో వేసుకుని పోయాడు. వెనక్కి తేలేదు.

పూలవ్వ ఇప్పుడు రోజూ సాయంత్రం రాదు. శనివారాల్లో వచ్చి ఐదో ఆరో ఇచ్చి నోటు తీసుకుంటుంది, ఒక్కోసారి ఆమే బోణీ చిల్లరకు నాలుగు అడిగి పట్టుకుపోతుంది. మొన్న శనివారం గల్లా మూసేటప్పుడు చూశాను, గుంతలో పదకొండు మిగిలాయి.